ఒకే షిఫ్టులో ఇద్దరు

ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఏడ్చినవాళ్ళు లోకంలో లేకపోలేదు. కానీ బాసు ముఖమైనా చూడకముందే, తన కుర్చీ ఎక్కడుందో తెలియకముందే కళ్ళనీళ్ళు కార్చిన హెచ్చార్ మేనేజరు మాత్రం బహుశా మహిమ ఒక్కతే. తప్పు ఆమెది కాదు. కర్నూలు ఊరి బయట, కోడుమూరు రోడ్డులో ఉన్న ఆ ఫ్యాక్టరీ పనే ఉల్లిగడ్డలు తరిగి, ఎండబెట్టి, డబ్బాలకెత్తడం. ఆఫీసు గదికి పోవాలంటే తరిగే హాలు దాటాల్సిందే.

ముక్కు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడిపోయిన ఆమె ముందుకు ఒక యువకుడు వచ్చాడు. తలమీద వల టోపీ, చేతిలో నీళ్ళ గ్లాసు.

"కొత్తగా వచ్చినారా మేడం? ఈ నీళ్ళు నోట్లో పోసుకోండి. మింగొద్దు. హాలు దాటేదాక అట్లే పెట్టుకోండి, కండ్లు మండవు."

కళ్ళమంటలో ఉన్న మనిషికి ఎవరేం చెప్పినా వేదమే. మహిమ బుగ్గలనిండా నీళ్ళు పోసుకుంది. అంతే, ఆ పెద్దమనిషి ఆమెను హాలంతా తిప్పడం మొదలుపెట్టాడు.

"ఈమె మన కొత్త హెచ్చార్ మేడం. బెంగుళూరు నుంచి వచ్చినారు. మీరేమడిగినా కాదనరు. అడగండి."

"మేడమ్మా, మధ్యాన్నం ఇంకోసారి టీ ఇప్పిస్తావా?" అంది ఒకామె.

మహిమ కళ్ళు పెద్దవి చేసింది.

"చూసినారా, సరే అన్నారు!" అన్నాడతను.

"ఫ్యాన్లు పెట్టిస్తావా?" అంది ఇంకొకామె.

మహిమ అతనివైపు ఉరిమి చూసింది.

"అదిగో, దానిగ్గూడా సరే అన్నారు!"

పొట్టు తీసే బల్లల దగ్గర పెద్దరికం చేస్తున్న గిడ్డమ్మ అనే ఆమె చెయ్యాపి, జాలిగా చూసింది. "చక్కని పిల్ల పాపం. దేవుడు మాటలు ఇయ్యలేదా శామప్పా?"

హాలు దాటి బయటపడగానే మహిమ నీళ్ళు ఉమ్మేసి, బెంగుళూరులో నేర్చుకున్న మర్యాదంతా పక్కనపెట్టింది. "ఏందిబ్బా నువ్వు! మనిషి నోట్లో నీళ్ళు పోసి ఊరంతా వరాలు ఇప్పిస్తావా?"

"మీది కడప పక్కనా మేడం?"

"బద్వేలు. ఐతే ఏంది?"

"ఏం లేదు. అంతా ఇంగ్లీషులోనే తిడతారేమోనని భయపడినా. ఇప్పుడు ధైర్యం వచ్చింది." అతను టోపీ తీసి నవ్వాడు. "నేను శామ్. ప్రొడక్షన్ చూస్తాండా. అది సరే గానీ, కండ్లు మండలేదు గదా?"

నిజంగానే మండలేదు. మహిమకు అసలు కోపం అక్కడే వచ్చింది.

యజమాని పరమేష్ మంచి మనిషి. ఆశ మాత్రం ఇంకాస్త పెద్దది. కుర్చీ చూపించి కూర్చోబెట్టాక, చుట్టూ తిప్పకుండా విషయానికి వచ్చాడు.

"అమ్మా మహిమా, మనకు మిషన్లు ఉండాయి, సరుకు ఉండాది. దుబాయ్ వాళ్ళ పెద్ద ఆర్డరు వచ్చింది. ఉగాది లోపల సరుకు పంపితే కడపలో రెండో యూనిట్ పెడతాం. పంపలేకపోతే ఉన్నది గూడా మూసుకోవల్ల. మనకు లేనిదల్లా నిలబడి పనిచేసే మనుషులే. చలికాలం వచ్చిందంటే చాలు, మూటలు కట్టుకొని సుగ్గికి పోతారు. వాళ్ళను నిలబెట్టేదానికే నిన్ను పిలిపించినా."

సుగ్గి అంటే పడమటి కర్నూలు పల్లెల నుంచి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయే వలస. కొంపకు తాళం వేసి, వంటసామానుతో సహా లారీ ఎక్కుతారు.

"నిలబెడతాను సార్" అంది మహిమ. బెంగుళూరులో ఆమె పెద్ద కంపెనీలో ఒక మూల కూర్చున్న చిన్న మనిషి. ఇక్కడ మొత్తం భారం తనదే. గెలిస్తే పేరు, ఓడితే మళ్ళీ బెంగుళూరు బస్సు. అందుకే ఆ మాట అనేటప్పుడు గొంతు గట్టిగానే పలికింది.

రెండు నెలలు ఆమె అన్నీ గమనించింది. ఒకరోజు డ్రయ్యరులో సరుకు మాడిపోయింది. ఎవరు చూసుకోలేదని అడిగితే అందరిదీ ఒకటే మాట, "మాకు తెల్దు." విచారిస్తే ఆ లైనులో ఉన్నవాళ్ళంతా అన్నదమ్ములు, బావమరుదులు, వదినామరదళ్ళు. ఇంకోరోజు ఎవరింట్లోనో పిల్లకు పుట్టువెంట్రుకలు తీయిస్తుంటే లైనుకు లైనే ఖాళీ అయింది. మహిమ కూర్చుని ఆలోచించి, తాను చదివిన చదువంతా గుర్తుచేసుకుని ఒక నిబంధన పెట్టింది. ఒకే షిఫ్టులో బంధువులు ఉండకూడదు. మొగుడిది పొద్దున షిఫ్టు అయితే పెళ్ళాంది మాపటి షిఫ్టు.

క్యాంటీనులో బొరుగుల ఉగ్గాని తింటుండగా శామ్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"మేడం, మనోళ్ళంతా వచ్చే దేవనకొండ పక్క పల్లెల్లో ఒకరికొకరు బంధువులు కాని ఇద్దరిని మీరు చూపిస్తే, ఈ మిరపకాయ బజ్జీ మీకిచ్చేస్తా."

"అందుకే షిఫ్టులు వేరు చేసినా. మనుషుల పనిని కంపెనీ లక్ష్యానికి తగ్గట్టు మలుచుకోవాలి. దాన్నే స్ట్రాటజీ అంటారు."

"మనుషులకు తగ్గట్టు లక్ష్యాన్ని మలుచుకుంటే దాన్నేమంటారు?"

"ప్రొడక్షన్ వాళ్ళ సోమరితనం అంటారు" అని, అతని బజ్జీ తీసుకుని తినేసింది.

విచిత్రంగా నిబంధన పనిచేసింది. సరుకు మాడడం తగ్గింది. హాజరు పెరిగింది. పరమేష్ కనిపించిన ప్రతివాడికీ మహిమ గురించి చెప్పుకున్నాడు. శామ్ కూడా మర్యాదగా ఓటమి ఒప్పుకుని, రోజుకొక బజ్జీ ఆమె ప్లేటులో పెట్టసాగాడు. ఆ బజ్జీ లేని రోజు ఉగ్గానికి రుచి లేదని మహిమకు అనిపించడం మొదలైంది. అది ఏ స్ట్రాటజీలోనూ లేదు.

ఆ సీమలో వాన చెప్పి రాదు. వచ్చిన రోజు మాత్రం ఏళ్ళ బాకీ తీర్చేటట్టు వస్తుంది. ఒక సాయంత్రం అట్లాగే కమ్ముకొచ్చింది. యార్డులో ఉల్లిగడ్డల కుప్పలు బయటే ఉన్నాయి. షిఫ్టు మారే వేళ, గిడ్డమ్మా ఇంకో నలుగురే ఉండి తలో కుప్ప దగ్గరికి ఉరికారు. మహిమ చెప్పులు వదిలేసి పరుగెత్తి టార్పాలిన్ పట్టకు ఒక కొన పట్టుకుంది. రెండో కొన పట్టుకున్నది ఎవరో చూడనక్కర లేదు.

"గట్టిగా లాగు!"

"లాగుతానే ఉండా! నువ్వే వదిలేస్తాండావు!"

మీరు నుంచి నువ్వులోకి ఎప్పుడు దిగారో ఇద్దరికీ తెలియదు. కుప్ప కప్పేశాక, అదే పట్ట కొసను తలమీదికి ఎత్తిపట్టుకుని చెరో పక్కన నిలబడ్డారు. ఆమె జడలోంచి నీళ్ళు కారుతున్నాయి. అతను చూడలేదన్నట్టు చూస్తున్నాడు. ఆమె తెలియనట్టు అంతా తెలుసుకుంటోంది.

"మహిమగారూ, ఒక హెచ్చార్ డౌటు."

"వానలోనా?"

"అర్జెంటు మరి. బంధువులు ఒకే షిఫ్టులో ఉండగూడదు గదా. ఇద్దరు ఇంకా బంధువులు కాలేదు, కాబోతాండారు అనుకో. ముందే చెప్పల్లా, అయినాక చెప్పల్లా?"

"ఎవరా ఇద్దరు? ఏ లైను?"

"ఈ పట్టకు ఈ కొనన ఒకరు, ఆ కొనన ఒకరు."

మహిమ చేతిలో పట్ట జారింది. అందులో నిలిచిన నీళ్ళన్నీ శామ్ నెత్తిన పడ్డాయి.

అతను తడి ముఖంతోనే అన్నాడు, ఈసారి నవ్వకుండా. "నీ రూలు మార్చమని అడగను. నీకిష్టమైతే నేనే ఈడ మానుకొని ఇంకో ఫ్యాక్టరీ చూసుకుంటా."

ఇష్టమే. ఎప్పటినుంచో ఇష్టం. కానీ డ్రయ్యర్లకు ప్రాణం అతనే. అతను పోతే ఆర్డరు చేజారుతుంది. అతన్ని పోవద్దంటే తన నిబంధన తానే తొక్కినట్టవుతుంది.

"ఆర్డరు సరుకు పొయ్యేదాక ఈ మాట ఎత్తొద్దు" అంది.

"అంటే, పొయినాక ఎత్తొచ్చునా?"

ఆమె జవాబు చెప్పకుండా వానలోనే ఆఫీసువైపు నడిచింది. నవ్వు అతనికి కనిపించకూడదని.

కనిపించాల్సింది మాత్రం కనిపించాల్సిన వాళ్ళకు కనిపించింది. అకౌంట్స్ బసవన్న కిటికీలోంచి అంతా చూశాడు. బసవన్నకు తెలిసిన సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియకుండా ఉండదు.

మహిమ క్రిస్మస్‌కు బద్వేలు పోయి వచ్చేసరికి గేటు దగ్గర కొత్త ముఖం ఉంది. సుగ్గికి మనుషులను తీసుకుపోయే మేస్త్రీ ఓబుళేశు. గిడ్డమ్మ, ఆమె మొగుడు దేవేంద్రప్ప, వాళ్ళ జట్టంతా ఒప్పుకున్నారని, వారం తిరిగితే లారీ వస్తుందని తెలిసింది. వాళ్ళను చూసి మిగతా జట్లూ కదులుతున్నాయి.

మహిమకు అంతుపట్టలేదు. హాజరు బాగుంది, సరుకు బాగుంది, జీతాలూ గుంటూరు కూలికి తక్కువేం కాదు. మరి ఎందుకు పోతున్నారు?

"అడుగుదాం పా" అని శామ్ ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమెను బండెక్కించుకుని గిడ్డమ్మ ఊరికి తీసుకుపోయాడు.

గిడ్డమ్మ మంచం వాల్చి, రొట్టె, నంజుకోవడానికి ఊరిబిండి పెట్టింది. మహిమ తినకుండానే అడిగేసింది. "నా మీద కోపమా గిడ్డమ్మా?"

"నీ మీద యాల కోపం మేడమ్మా? నేను ఇల్లు చేరేపొద్దుకు ఈయప్ప బస్సెక్కి ఉంటాడు. ఈయప్ప వచ్చేపొద్దుకు నేను పండుకోని ఉంటా. ఒకే ఇంట్లో ఉండి నోరారా మాట్లాడి ఎన్నాళ్ళయిందో! సుగ్గిలో ఎండ ఉండాది, నడుములు పోతాయి, నిజమే. అయినా ఆడ ఇద్దరం ఒకే సాలు పట్టి కోస్తాం, ఒకే చోట సద్ది ఇప్పుకుంటాం. పెండ్లయిననాటి నుంచి ఇద్దరం కలిసే పనికి పోయినాం. వేరేగా పొయ్యేది మాకు చేతగాదు."

దేవేంద్రప్ప తలగోక్కున్నాడు. "మొన్న ఈమె చెవులకు కొత్త కమ్మలు పెట్టుకునిందంట. పక్కింటోళ్ళు చెప్తే తెలిసింది. శానా సిగ్గయింది మేడమ్మా."

"కానీ ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదే మీరు!"

"ఇంట్లో ఎవురుండారని ఉండల్ల?" అంది గిడ్డమ్మ.

మహిమ రొట్టె పళ్ళెం కింద పెట్టేసింది. ఇన్నాళ్ళూ తన గెలుపని చూసుకున్న హాజరు వెనక ఉన్నది ఇదా!

తిరుగుదారిలో శామ్ బండి నెమ్మదిగా నడిపాడు. "మా అమ్మానాయన గూడా అంతే. నన్ను హాస్టల్లో వదిలి సుగ్గికి పోయేవాళ్ళు. ఇద్దరూ కలిసి లారీ ఎక్కుతాంటే నాకు ఏడుపొచ్చేది. మా నాయన ఒక్కడే ఎక్కుతాంటే ఇంకా ఎక్కువ ఏడ్చేవాణ్ణేమో."

"ముందే చెప్పొచ్చు గదా!"

"చెప్పబోయినా. నువ్వు బజ్జీ తినేసినావు." కొంచెం ఆగి అన్నాడు, "నిజం చెప్పల్లంటే, హాజరు పెరిగేసరికి నాదే తప్పేమో అనుకున్నా."

నిబంధన ఎత్తేయాలి, అది తేలిపోయింది. కానీ ఎత్తేస్తే? మేడం తన పెండ్లి కోసం రూలు చెరిపేసింది అని రేపే బసవన్న అంటాడు. ఎల్లుండి అందరూ అంటారు. ఆ తర్వాత ఆమె చెప్పే ఏ మాటకూ విలువ ఉండదు. ఎత్తేయకుంటే లారీ కదులుతుంది.

మరుసటిరోజు పరమేష్ గదిలోకి నేరుగా పోయింది.

"సార్, నా నిబంధన తప్పు. మనుషులను విడివిడిగా నిలబెట్టాలని చూశాను. ఇక్కడ నిలబడేది జట్టు. మనం జట్టునే పనిలోకి తీసుకుందాం. మొగుడూ పెళ్ళాం ఒకే షిఫ్టు. జట్టులో ఎవరుండాలో, సెలవు ఎవరికో జట్టే తేల్చుకుంటుంది, బదులు మనిషినీ జట్టే పెడుతుంది. సరుకు చెడితే జట్టంతా జవాబు చెప్పాలి."

"ఒకరు పోతే?"

"అందరూ పోతారు. కాబట్టి ఆ ఒక్కరూ పోకుండా చూసుకోవడమే మన పని."

"సరేమ్మా, చేసి చూద్దాం" అన్నాడు పరమేష్. మహిమ మిగతాది కూడా చెప్పేసింది. "ఇంకొక మాట సార్. శామ్ నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. నాకూ ఇష్టమే. రూలు మార్చి నేను ఇక్కడే ఉంటే అది నా కోసమే అంటారు. అందుకే కడపలో పెట్టబోయే యూనిట్ పనులకు నన్ను ముందే పంపించండి."

ఆమె గది బయటికి వచ్చేసరికి శామ్ వరండాలో నిలబడి ఉన్నాడు. ముఖం ఎర్రబడింది. "ఏంది మహిమా ఇది? నాకు చెప్పాల్సిన మాట పోయి సారుకు చెప్తావా?"

"విన్నావు గదా."

"తలుపు సందుల్లోంచి! వాన్లో తడిసి అడిగింది నేను, జవాబు ఆయప్పకా! పైగా ఊరందరినీ కలిపి, మనిద్దరినీ విడదీస్తావా?"

ఆమెకు ఏడుపొచ్చింది. ఈసారి ఉల్లిగడ్డలు లేవు. "నా మాటకు విలువ లేకుండా పోతే నేను నీ పక్కన తలెత్తుకొని ఎట్ల ఉండేది శామ్?"

ఒక్క చమత్కారమూ విసరకుండా శామ్ డ్రయ్యర్లవైపు నడిచాడు. మొదటిసారి.

లారీ రావాల్సిన రోజు గిడ్డమ్మ జట్టంతా మూటలు లేకుండా ఆఫీసు ముందుకు వచ్చింది. ఓబుళేశు గేటు బయట ఎదురుచూస్తున్నాడు.

"సారూ, కొత్త పద్ధతి మాకు నచ్చింది. ఉండిపోతాం" అంది గిడ్డమ్మ. "కానీ జట్టులో ఎవురుండల్లో మేమే చెప్పుకోవచ్చు అన్నారు గదా?"

"అవును" అన్నాడు పరమేష్.

"ఐతే మా జట్టులో మేడమ్మ గూడా ఉండాది. వానొచ్చిన దినం మాతో సమానంగా పట్ట లాగింది. తప్పయితే ఇంటికొచ్చి అడిగింది. ఆయమ్మను కడపకు పంపుతారని బసవన్న చెప్పినాడు, పంపితే మా జట్టు విరిగినట్లే. ఓబుళేశప్ప ఆడనే ఉండాడు, మేం లారీ ఎక్కుతాం."

పరమేష్ మహిమవైపు తిరిగాడు. "నువ్వు నేర్పించినావా?"

"ఒట్టు సార్, నాకు తెలీదు!"

బసవన్న గొంతు సవరించుకున్నాడు. "అది కాదు సార్, రేపు శామ్ పనికి మార్కులేసేది మేడమే గదా? మొగుడికి పెళ్ళాం మార్కులా?"

ఆ ప్రశ్న న్యాయమైందే. మహిమే తలూపింది.

"శామ్ మార్కులు నేనేస్తా" అన్నాడు పరమేష్. "రోజూ పొద్దున ఆయప్ప ముఖం చూసేది నేనే గదా. ఇంగేమన్నా ఉండాదా బసవన్నా?"

"ఉండాది సార్." బసవన్న ముఖం విప్పారింది. "పెండ్లి భోజనం లెక్క నేను చూసుకుంటా."

అందరూ గొల్లున నవ్వారు. గేటు బయట ఓబుళేశు నిట్టూర్చి, ఖాళీ లారీని తిప్పుకుపోయాడు.

మాఘం, ఫాల్గుణం తరుగుతూ, ఎండబెడుతూ గడిచాయి. మొగుళ్ళూ పెళ్ళాలూ ఒకే బస్సు దిగి, ఒకే బస్సు ఎక్కారు. సెలవుల తగాదాలు జట్ల దగ్గరే తెగిపోయాయి. ఉగాదికి ముందే చివరి లారీ గేటు దాటింది. దాని వెనక శామ్ పరుగెత్తి, టైరు కింద నిమ్మకాయ పెట్టారా లేదా అని చూసినట్టు నటించి, తిరిగొచ్చి మహిమ ముందు నిలబడ్డాడు.

"ఆర్డరు పోయింది. మాట ఎత్తొచ్చునా?"

"మా నాయన దగ్గర ఎత్తు" అంది.

బద్వేలులో మహిమ తండ్రి దావీదురాజు ఇంటి ముందు ఆ ఆదివారం కంపెనీ బస్సు ఆగింది. శామ్, అతని అమ్మానాయనలు దిగారు. తర్వాత గిడ్డమ్మ దిగింది, దేవేంద్రప్ప దిగాడు, ఇంకా దిగుతూనే ఉన్నారు. మహిమ తల్లి రాహేలమ్మ కిటికీలోంచి చూసి, ఉడికే అన్నం పక్కన ఇంకో ఎసరు పెట్టింది.

దావీదురాజుకు కొంచెం సందేహం ఉండేది. బెంగుళూరులో ఉద్యోగం చేసిన కూతురు, సుగ్గికి పోయే ఇంటి పిల్లవాడు. అల్లుడు కాబోయేవాణ్ణి పక్కన పెట్టి, అతని తండ్రిని అడిగాడు.

"పెండ్లయినాక మా పాపను ఎట్ల చూసుకుంటారన్నా?"

శామ్ తండ్రి మాటకారి కాడు. భార్యవైపు చూశాడు. "మాకు ఆస్తి లేదు సామీ. ఎండలో, వానలో యాడికి పోయినా ఈమెను ఒక్కదాన్ని ఎప్పుడూ వదిలిపెట్టలేదు. మావాడు చూసింది అదొక్కటే."

దావీదురాజు లేచి, ఆయన చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పెండ్లిమాటలకు పిలిచిన పాస్టర్ అయ్యగారు ప్రార్థనకు లేవబోతూ, అమ్మాయి మాట కూడా వినాలన్నారు. అందరూ మహిమవైపు చూశారు.

ఆమె నాయనవైపు చూడలేదు, అయ్యగారివైపు చూడలేదు. గుమ్మం దగ్గర చెమటలు పడుతూ నిలబడ్డ శామ్ ఎదురుగా పోయి నిలబడింది.

"నువ్వంటే నాకు శానా ఇష్టం శామ్. నీతోనే ఉంటా."

శామ్ నోరు తెరిచాడు. ఎన్నో మాటలు సిద్ధం చేసుకుని వచ్చినవాడు, ఒక్కటీ రాక, రెండు చేతులతో ముఖం కప్పుకుని జట్టందరి ముందరా ఏడ్చేశాడు.